డీఎక్స్ కోడ్ నిర్దోషి, సగం చదివి వదిలేసిన కెమెరాలదే తప్పు

35 ఎమ్మెమ్ ఫిల్మ్ రీలు డబ్బాను చేతిలో తిప్పి చూస్తే ఒక పక్కన చదరంగం పలక ముక్కలా వెండి గడులు, నల్ల గడులు కనిపిస్తాయి. డీఎక్స్ కోడ్ అంటే అదే. రీలు పెట్టి మూత వేయగానే కెమెరా లోపలి స్ప్రింగు పిన్నులు ఆ గడులను తాకుతాయి. ఏ గడిలో కరెంటు పారుతోందో, ఎక్కడ పారడం లేదో చూసుకుని కెమెరా ఫిల్మ్ ఐఎస్ఓ ఎంతో, అంటే వెలుతురుకు ఆ ఫిల్మ్ స్పందించే వేగం ఎంతో తేల్చుకుంటుంది. మనం డయల్ తిప్పే పని లేదు.

ఫిల్మ్ మళ్లీ చేతపట్టిన కొత్తవాళ్లలో దీని మీద రెండు మాటలు నడుస్తున్నాయి. "కోడ్ ఉంది కదా, అంతా కెమెరానే చూసుకుంటుంది" అనేది ఒకటి. "డీఎక్స్‌ను నమ్ముకుంటే రీలు పోయినట్టే, పాత మెకానికల్ కెమెరానే నయం" అనేది రెండోది. రెండూ సగం మాటలే. కోడ్‌ను గీసినవాళ్లు బుర్రపెట్టి గీశారు. చెడగొట్టింది దాన్ని చదవాల్సిన కెమెరాలు. కొన్ని రెండు మూడు పిన్నుల ఖర్చు మిగుల్చుకోవడానికి కోడ్‌ను సగమే చదివాయి. ఇంకొన్ని ఐఎస్ఓ డయల్‌నే పీకేసి, వాడేవాడికి కాదనే హక్కు లేకుండా చేశాయి. అందుకే పాత కాంపాక్ట్ కెమెరా కొనబోయేవాళ్లు లెన్సు సంగతి తర్వాత చూసుకుని ముందు మూత తెరిచి పిన్నులు లెక్కపెట్టుకోవాలంటాను.

కొడాక్ 135 డబ్బాను, అంటే ఈ 35 ఎమ్మెమ్ రీలు డబ్బానే, 1934లో తెచ్చింది. అప్పటినుంచి దాదాపు యాభై ఏళ్లు ఆ డబ్బాకు తనలో ఏ ఫిల్మ్ ఉందో కెమెరాకు చెప్పుకునే దారే లేదు. రీలు మార్చినవాడు డయల్ కూడా మార్చాలి. మరిచిపోతే 400 ఫిల్మ్‌ను 100 అనుకుని, లేదా 100 ఫిల్మ్‌ను 400 అనుకుని 36 ఫొటోలూ తీసేస్తాడు. తమాషా ఏమిటంటే ఆపాటికే చవక కెమెరాలకు ఈ తెలివి వచ్చేసింది. 1963 నాటి 126 ఇన్‌స్టామాటిక్ కార్ట్రిడ్జ్‌లో ఒక గాటు ఉండేది, అది ఎక్కడ పడిందో చూసి కెమెరా ఫిల్మ్ వేగం తెలుసుకునేది. 1964లో ఆగ్ఫా తెచ్చిన ర్యాపిడ్ డబ్బాకు ఒక లోహపు నాలుక ఉండేది. 1972లో వచ్చిన 110 కార్ట్రిడ్జ్‌లోనూ వేగం తక్కువా ఎక్కువా అని చెప్పే గట్టు ఉండేది. వేలకు వేలు పోసి కొన్న, లెన్సులోంచే చూసి ఫొటో తీసే ఎస్‌ఎల్‌ఆర్ మాత్రం గుడ్డిదిగానే ఉండిపోయింది. 1983లో కొడాక్ కొడాకలర్ వీఆర్ 1000 ఫిల్మ్‌తో డీఎక్స్‌ను మొదలుపెట్టాక, మిగతా ఫిల్మ్ కంపెనీలూ అదే గీతలు తమ డబ్బాల మీద అచ్చు వేశాక ఆ కొరత తీరింది. 1985లో వచ్చిన మినోల్టా 7000 ఆ కోడ్‌ను చదివేది. ఆ దశకం ముగిసేసరికి కోడ్ చదవని కొత్త ఆటోమేటిక్ కెమెరా దొరకడమే అరుదైపోయింది.

ఇక గడుల సంగతి. డబ్బాను అడ్డంగా పట్టుకోండి. స్పూల్ (ఫిల్మ్ చుట్టిన ఇరుసు) బయటికి పొడుచుకొచ్చిన కొస ఎడమవైపు ఉండాలి, గడులు మీ వైపు చూడాలి. వరుసకు ఆరు చొప్పున రెండు వరుసలు కనిపిస్తాయి. పై వరుసలోవి 1 నుంచి 6, కింది వరుసలోవి 7 నుంచి 12. వెండి గడి అంటే రంగు పూయని లోహం, కరెంటు పారుతుంది. నల్ల గడి అంటే పూత, పారదు. 1, 7 గడులు ఎప్పుడూ వెండివే. అవి ఎర్త్ లాంటివి, మిగతా గడులన్నిటినీ వాటితో పోల్చే చదవాలి. పట్టుకున్న తీరు సరైందో కాదో అనుమానంగా ఉంటే ఏదైనా 400 రీలు తీసుకోండి. దాని పై వరుసలో 1, 4, 5 గడులు వెండిగా, 2, 3, 6 నల్లగా కనిపిస్తే సరిగ్గా పట్టుకున్నట్టే.

పై వరుసలోని 2 నుంచి 6 దాకా గడులు ఐఎస్ఓ చెబుతాయి. అయిదు గడులంటే 32 కలయికలు. అందులో 24 కలయికలను 25 నుంచి 5000 దాకా మూడో వంతు స్టాపు మెట్లకు కేటాయించారు, మిగిలిన ఎనిమిదింటినీ ప్రత్యేక అవసరాలకు వదిలారు. ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం లేదా సగం కావడం. ఈ కేటాయింపులోనే అసలు తెలివంతా ఉంది. 2, 3, 4 గడులు పూర్తి స్టాపులు లెక్కిస్తాయి. వెండి అయితే 2వ గడి ఒక స్టాపు, 3వ గడి రెండు స్టాపులు, 4వ గడి నాలుగు స్టాపులు. ఈ మొత్తాన్ని 25 మీద పైకి లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఏదీ వెండి కాకపోతే 25. ఒక్క 2 వెండి అయితే 50. 3 మాత్రమే అయితే 100. 2, 3 రెండూ అయితే 200. 4 మాత్రమే అయితే 400. 2, 4 కలిస్తే 800. 3, 4 కలిస్తే 1600. మూడూ వెండి అయితే 3200. ఇక 5, 6 గడులు మధ్య మెట్లు చెబుతాయి. 5 మాత్రమే వెండి అయితే సరిగ్గా ఆ స్టాపే. 6 మాత్రమే అయితే దానికి మూడో వంతు ఎక్కువ. రెండూ వెండి అయితే మూడింట రెండు వంతులు ఎక్కువ. ఈ లెక్కన 160 ఫిల్మ్‌కు 3, 5, 6 గడులు, 500 ఫిల్మ్‌కు 4, 6 గడులు వెండిగా ఉంటాయి. పట్టిక బట్టీ పట్టక్కర్లేదు, ఈ లెక్క ఒక్కటి గుర్తుంటే ఏ డబ్బానైనా కంటితోనే చదివేయొచ్చు.

ఇప్పుడు కెమెరాలు చేసిన నిర్వాకం చూద్దాం. పిన్నుకు ఖర్చుంది, దాని వెనుక సర్క్యూట్‌కూ ఖర్చుంది. చవక కాంపాక్ట్ తయారుచేసేవాడు అయిదు గడులూ చదవడు. బాగా చవక రకాల్లో ఎర్త్ పిన్ను, 4వ గడి పిన్ను రెండే ఉంటాయి. 4వ గడి నలుపైతే 100, వెండి అయితే 400. ఈ ఒక్క పిన్ను కెమెరా కూడా సాధారణ ఫిల్మ్‌లతో పెద్దగా దెబ్బ తినదు. 200 ఫిల్మ్‌ను 100గా చదువుతుంది, 800ను 400గా చదువుతుంది. రెండు చోట్లా ఒక స్టాపు ఎక్కువ వెలుతురు పడుతుంది. కలర్ నెగెటివ్ దాన్ని హాయిగా భరిస్తుంది. కోడ్‌ను ఇంత పిసినారిగా చదివినా తప్పు ఎక్కువ వెలుతురు వైపే పడేలా గడుల అమరిక ఉండడం నాకు భలే నచ్చే విషయం.

చిక్కంతా దానికి పై మెట్టు కెమెరాలతో. ఎర్త్‌తో పాటు 2, 4 గడులకు పిన్నులు పెట్టి "100, 200, 400, 800 నాలుగూ చదువుతుంది" అని పెట్టె మీద రాసుకున్న రకం. ఆ నాలుగు వేగాల్లో ఏది పెట్టినా తేడా రాదు. 3వ గడి చూడనందువల్ల మిగతా వేగాలు మాత్రం తారుమారవుతాయి. 1600 ఫిల్మ్ 400లా కనిపిస్తుంది, రెండు స్టాపులు ఎక్కువ. సరే, నెగెటివ్ కాబట్టి బతికిపోతుంది. 50 ఫిల్మ్ పెట్టి చూడండి. దానికి వెండి గడులు 2, 5. ఈ కెమెరాకు 2 వెండిగా, 4 నల్లగా కనిపిస్తాయి కాబట్టి అది 200 అనుకుంటుంది. రెండు స్టాపులు తక్కువ వెలుతురు. ఇల్‌ఫర్డ్ ప్యాన్ ఎఫ్ లాంటి నలుపు తెలుపు ఫిల్మ్ అయితే నీడల్లోని వివరమంతా పోతుంది. వెల్వియా 50 లాంటి స్లైడ్ (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే ఫిల్మ్) అయితే రీలంతా బురదే. స్లైడ్‌కు అర స్టాపు తేడానే ఎక్కువ, రెండు స్టాపులంటే ఇక చెప్పేదేముంది. ఇలా పోయిన రీలును చూసి "డీఎక్స్ మోసం చేసింది" అంటారు. డబ్బా నిజమే చెప్పింది. వినాల్సిన పిన్ను కెమెరాలో లేదు.

2, 3, 4 మూడింటికీ పిన్నులున్న కెమెరా అయితే నిశ్చింత. పూర్తి స్టాపులన్నీ సరిగ్గా చదువుతుంది. మధ్య మెట్లను కిందికి దించుతుంది, అంటే 64ను 50గా, 160ను 100గా, 320ను 200గా, 500ను 400గా. ఎటు చూసినా మూడో వంతో మూడింట రెండు వంతులో ఎక్కువ వెలుతురే. స్లైడ్ తీసేవాళ్లు తప్ప మిగతావాళ్లు దీని గురించి ఆలోచించక్కర్లేదు. పిన్నులు లెక్కపెట్టడం కూడా సులువే. వెనక మూత తెరిస్తే ఎడమ గదిలో, డబ్బా కూర్చునే గుంట గోడకు బంగారు రంగు బుడిపెలు కనిపిస్తాయి. రెండుంటే పైన చెప్పిన చవక రకం. మూడుంటే జాగ్రత్తగా ఉండాల్సిన రకం. నాలుగుంటే ఫర్వాలేదు. ఆరుంటే పై వరుసంతా చదువుతుంది. కింది వరుసకూ పిన్నులున్నాయంటే అది పెద్దింటి కెమెరా.

కింది వరుస గురించి ఎక్కువమంది మాట్లాడరు. 8, 9, 10 గడులు ఎన్ని ఫొటోల రీలో చెబుతాయి: 12, 20, 24, 36, 48, 60, 72. ఇవేవీ కానివాటికి మూడూ నల్లగా వదిలేస్తారు. 11, 12 గడులు ఫిల్మ్ ఓర్పు చెబుతాయి, అంటే ఎక్స్‌పోజర్ తప్పితే ఎంతవరకు తట్టుకోగలదో. నాలుగు మెట్లున్నాయి. ఇటూ అటూ అర స్టాపు. ఇటూ అటూ ఒక స్టాపు. ఎక్కువ వైపు రెండు, తక్కువ వైపు ఒకటి. ఎక్కువ వైపు మూడు, తక్కువ వైపు ఒకటి. స్లైడుకు మొదటి మెట్టు, మామూలు కలర్ నెగెటివ్‌కు చివరిది. నన్నడిగితే డబ్బా మీది కోడ్‌లో అన్నిటికంటే విలువైన గడులు ఈ రెండే. లోపలున్నది నెగెటివ్ అని తెలిస్తే, మీటరింగ్ అనుమానంగా ఉన్నచోట కెమెరా తనంతట తానే అర స్టాపు ఎక్కువ ఇచ్చి నీడలను కాపాడొచ్చు. స్లైడ్ అని తెలిస్తే ఒక్క అంగుళం కదలకుండా గీసిన గీత మీదే ఉండొచ్చు. ఈ గడులను పట్టించుకున్న కెమెరాలు అరుదు. అక్షరం పొల్లు పోకుండా రాసిన ఉత్తరంలో మొదటి పేరా మాత్రమే చదివి పక్కన పడేశారు.

ఇక రెండో తప్పు, డయల్ తీసేయడం. డబ్బా మీద ఉన్నది కంపెనీ చెప్పిన సంఖ్య. అది ఎప్పుడూ ఫిల్మ్ అసలు వేగమే కానక్కర్లేదు. ఇల్‌ఫర్డ్ డెల్టా 3200 డేటా షీటు చూడండి. ఐఎస్ఓ పద్ధతిలో కొలిస్తే 1000 అని అందులోనే రాసి ఉంటుంది. డబ్బా కోడ్ మాత్రం 3200, ఎందుకంటే ఎక్కువసేపు డెవలప్ చేసే లెక్కతో దాన్ని వాడమని వాళ్ల సలహా. కొడాక్ టీ-మ్యాక్స్ పీ3200దీ అదే వరస. సినీస్టిల్ 800టీ పుట్టింది కొడాక్ విజన్3 500టీ సినిమా నెగెటివ్ నుంచే. ఎమల్షన్ (కాంతికి స్పందించే పూత) ఒకటే, సినిమా డబ్బా మీద 500, ఫొటో డబ్బా మీద 800. వీటిలో అబద్ధం ఆడినవాళ్లెవరూ లేరు. ఇదొక సలహా, సలహాను కాదనే వీలు వాడేవాడి చేతిలో ఉండాలి. నికాన్ ఎఫ్100 ఈ మర్యాద పాటించింది. డీఎక్స్‌తో 25 నుంచి 5000 దాకా తనే చదువుకుంటుంది, చేత్తో పెడితే 6 నుంచి 6400 దాకా ఏదైనా ఒప్పుకుంటుంది. అదే కంపెనీ ఎఫ్75లో కోడ్ చెప్పిందే వేదం, కోడ్ లేని రీలు పెడితే 100 అనుకుంటుంది. జేబులో పట్టే కాంపాక్ట్‌లలో దాదాపు అన్నీ ఈ రెండో బాపతే.

గడువు తీరిన రీళ్లు వాడేవాళ్లకు ఇది బాగా తగులుతుంది. మన వేసవి ఎండల్లో ఏసీ లేని కొట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న 400 కలర్ రీలు ఇవాళ 400 కాదు. దానికి 200 లెక్కనో 100 లెక్కనో వెలుతురు ఇవ్వాలి. ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్ (కెమెరా లెక్క కంటే వెలుతురు పెంచే, తగ్గించే మీట) ఉన్న కెమెరా అయితే ప్లస్ ఒకటి పెడితే 400 కాస్తా 200 అవుతుంది. చాలా కాంపాక్ట్‌లలో అదీ ఉండదు, ఉన్నా స్విచ్ ఆపగానే సున్నాకు పోతుంది. అప్పుడు మార్చాల్సింది డబ్బా మీది గడులనే.

400 డబ్బా దొరికిందంటే పైకి వెళ్లడం చాలా తేలిక, గీకితే చాలు. 800 కావాలంటే 2వ గడి పూత గీకండి. 1600 కావాలంటే 3వది. 3200కు 2, 3 రెండూ. కిందికి రావాలంటే కప్పడం కూడా ఉంటుంది. 200 కావాలంటే 2, 3 గీకి 4ను కప్పాలి. 100 కావాలంటే 3 గీకి 4ను కప్పాలి. 200 డబ్బాను 100 చేయాలంటే 2వ గడి కప్పితే అయిపోయింది. 100ను 50 చేయాలంటే 2 గీకి 3 కప్పాలి, కాకపోతే 3వ గడి చూడని కెమెరా అయితే ఇది దాన్ని 200 అనుకుంటుందని పైన చెప్పుకున్నాం, మరిచిపోకండి.

గీకడానికి బ్లేడు మొన గానీ 400 నంబరు సాండ్ పేపర్ గానీ చాలు. లోహం తళుక్కున మెరిసేదాకా గీకాలి, మసకగా మిగిలితే పిన్ను ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఒక వైరు 1వ గడి మీద, ఇంకోటి గీకిన గడి మీద ఆనిస్తే మోగాలి. గీకేటప్పుడు డబ్బాను నొక్కి సొట్ట పెట్టకండి. ఫిల్మ్ బయటికి వచ్చే సందు నల్ల ముఖమల్ మీద ముందే టేపు అంటించుకోండి. పూత పొడి ముఖమల్‌లో ఇరుక్కుంటే రీలు పొడుగునా గీత పడుతుంది. కప్పడానికి సన్నటి ప్లాస్టిక్ టేపు ఒక్క పొర చాలు. మందపాటి ఎలక్ట్రికల్ టేపు కెమెరా గదిలో డబ్బాను బిగించేస్తుంది, అంచు లేచిందంటే మూత పడేటప్పుడు మడత పడి పక్క గడిని కూడా కప్పేస్తుంది.

గీకడం ఇష్టం లేనివాళ్లు అల్యూమినియం టేపు అంటిస్తారు. ఇక్కడ అందరూ ఒకటే తప్పు చేస్తారు. నల్ల గడి మీద చిన్న రేకు ముక్క అంటించి అది వెండి అయిపోయిందనుకుంటారు. రేకు కింద జిగురుంది, జిగురు కింద పూత ఉంది. ఆ ముక్కకు డబ్బా లోహంతో సంబంధమే లేదు. 1వ గడికి కరెంటు దారి లేనప్పుడు పిన్నుకు అది నల్ల గడే. సరైన పద్ధతి ఏమిటంటే పై వరుసంతా కప్పేలా ఒకే రేకు పట్టీ 1 నుంచి 6 దాకా అంటించాలి. ఆ తర్వాత నల్లగా ఉండాల్సిన గడుల మీద మాత్రం ప్లాస్టిక్ టేపు వేయాలి. అప్పుడు వెండిగా మిగిలినవన్నీ ఒకే లోహం కాబట్టి 1వ గడితో కలిసే ఉంటాయి.

కాంపాక్ట్ కెమెరాల్లో ఐఎస్ఓ మారితే ఫ్లాష్ లెక్కా మారుతుంది. 400ను 800గా మారిస్తే కెమెరా ఫ్లాష్ వేయడం తగ్గిస్తుంది, వేసినా తక్కువ వెలుతురు చాలనుకుంటుంది. డెవలపింగ్‌లో ఆ ఒక స్టాపు పుష్ చేయించకపోతే, అంటే ఎక్కువసేపు డెవలప్ చేయించకపోతే, ఫ్లాష్ ఫొటోలూ చీకటిగానే వస్తాయి. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు "ఒక స్టాపు పుష్" అని డబ్బా మీదే రాయండి, నోటిమాట నమ్ముకోకండి.

100 అడుగుల బల్క్ ఫిల్మ్ కొని సొంతంగా చుట్టుకునేవాళ్లది ఇంకో కథ. 30.5 మీటర్ల ఆ చుట్టలోంచి 36 ఫొటోల రీళ్లు సుమారు 18 వస్తాయి. వాటిని ఏ డబ్బాలోకి చుట్టారన్నదే ప్రశ్న. ప్లాస్టిక్ డబ్బా అయితే ఏ గడిలోనూ కరెంటు పారదు, కోడ్ లేదని అర్థం. చాలా కెమెరాలు అలాంటప్పుడు 100 అనుకుంటాయి, ఒలింపస్ మ్యూ-2 అలాంటిదే. రంగు పూయని ఒట్టి లోహపు డబ్బా అయితే అన్ని గడులూ వెండివే. పై వరుసంతా చదివే కెమెరాకు అది 5000. 2, 4 మాత్రమే చదివేదానికి 800. ఒకే ఫిల్మ్, ఒకే కెమెరా, డబ్బా మారినందుకే మూడు నుంచి అయిదున్నర స్టాపులకు పైగా తేడా వచ్చేస్తుంది. ఒక రీలు నల్లగా మాడిపోయి, ఇంకోటి అద్దంలా ఖాళీగా వస్తే ఫిల్మ్‌ను తిట్టే ముందు డబ్బా దేనితో చేసిందో చూసుకోండి.

వాడేసిన కంపెనీ డబ్బాలను మళ్లీ వాడుకోవడం ఇందుకు చవకైన దారి. కలర్ ల్యాబ్‌ను అడిగితే, ఫిల్మ్ కత్తిరించాక మిగిలే డబ్బాలు చిన్న తోకతో సహా ఇస్తారు. ఆ తోకకు కొత్త ఫిల్మ్‌ను రెండు పక్కలా టేపు వేసి అతికించి లోపలికి చుట్టుకుంటే కోడ్ కూడా ఉచితంగా వచ్చేస్తుంది. సినిమా నెగెటివ్ 500టీ చుట్టాలంటే 400 డబ్బా, 200టీ చుట్టాలంటే 200 డబ్బా. టేపు ఒక పక్కే వేస్తే మోటారు కెమెరా చివర్లో గట్టిగా లాగినప్పుడు అతుకు ఊడిపోతుంది. ఇక రివైండ్ అవదు. చీకటి గదిలో కెమెరా తెరవడం తప్ప దారుండదు.

ఈ పద్ధతిలో అసలు ప్రమాదం మాత్రం కెమెరాలో లేదు, ల్యాబ్‌లో ఉంది. డబ్బా మీద ఫిల్మ్ సందు పక్కన ఇంకో బార్‌కోడ్ కూడా ఉంటుంది, ఆరు అంకెలది. అది ల్యాబ్ కోసం. మధ్య నాలుగు అంకెలు ఏ ఫిల్మో చెబుతాయి. బయట కలర్ నెగెటివ్ పేరు, లోపల నలుపు తెలుపు ఫిల్మ్ ఉంటే ల్యాబ్ మనిషి మారు మాట లేకుండా సి-41లో, అంటే కలర్ నెగెటివ్ కడిగే రసాయనాల్లో, వేసేస్తాడు. బ్లీచ్, ఫిక్సర్ కలిసి బొమ్మలోని వెండినంతా కడిగేస్తాయి, చేతికి వచ్చేది ఖాళీ పట్టీ. లోపల సినిమా నెగెటివ్ ఉంటే ఇంకా ఘోరం. చాలా సినిమా నెగెటివ్‌ల వెనకవైపు రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పూత ఉంటుంది. అది సి-41 యంత్రంలో ఊడి రసాయనాల్లో కలిస్తే మీ రీలుతో పాటు ఆ తర్వాత వచ్చేవాళ్ల పెళ్లి ఫొటోల మీదా మచ్చలు పడతాయి. కాబట్టి తిరిగి వాడే డబ్బా మీది కంపెనీ పేరు, ల్యాబ్ బార్‌కోడ్ రెండూ కనపడకుండా తెల్ల టేపు చుట్టి, దాని మీద ఫిల్మ్ పేరు, "ఈసీఎన్-2 మాత్రమే" (సినిమా నెగెటివ్ కడిగే పద్ధతి పేరు అది) అనో "నలుపు తెలుపు" అనో పెద్దక్షరాలతో రాయాలి. గడుల మీద మాత్రం టేపు పడకూడదు.

ల్యాబ్ సంగతి వచ్చింది కాబట్టి డీఎక్స్‌లోని మూడో భాగం కూడా చెప్పుకోవాలి. అది డబ్బా మీద కనపడదు, ఫిల్మ్ కడిగాకే బయటపడుతుంది. నెగెటివ్ అంచున, రంధ్రాల కింద సన్నటి గీతల బార్‌కోడ్ రెండు పట్టాలుగా పరుగెత్తుతూ ఉంటుంది. ఫ్యాక్టరీలోనే కాంతితో దాన్ని ఫిల్మ్ మీద ముద్రిస్తారు, డెవలపర్ తగిలాక తేలుతుంది. అర ఫ్రేముకొకసారి మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక పట్టా గడియారం లాంటిది, గీతలు ఎక్కడెక్కడ లెక్కపెట్టాలో చెబుతుంది. రెండోదాంట్లో సమాచారం ఉంటుంది. మొదట 101010 అనే మొదలు గుర్తు, ఆపైన ఏడు బిట్లలో ఫిల్మ్ రకం సంఖ్య మొదటి భాగం, ఒక ఖాళీ బిట్, నాలుగు బిట్లలో రెండో భాగం, కొన్ని ఫిల్మ్‌లలో ఫ్రేము నంబరు, తప్పు పట్టడానికి ఒక ప్యారిటీ బిట్, చివరగా 0101. ఒక ఫిల్మ్ సంఖ్య 80-4 అనుకుందాం. ఏడు బిట్లు 1010000, నాలుగు బిట్లు 0100. డబ్బా బార్‌కోడ్‌లోని మధ్య నాలుగు అంకెలూ దీనికి సరిపోతాయి: 80ని 16తో హెచ్చవేసి 4 కలిపితే 1284. పేరు లేని పాత నెగెటివ్ పట్టీ ఏ కంపెనీదో తేల్చుకోవాలంటే భూతద్దం, ఈ లెక్క చాలు.

1990లలో మన ఊళ్ల కలర్ ల్యాబ్‌లకు ఈ అంచు గీతలే ప్రాణం. ఒక్కో కంపెనీ నెగెటివ్ నారింజ రంగు ఒక్కో తీరుగా ఉంటుంది. ప్రింటర్ ఆ గీతలు చదివి ఆ ఫిల్మ్‌కు తగ్గ రంగుల సవరణ తనే ఎంచుకునేది, ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో కూడా పట్టుకునేది. ఇప్పటికీ ఫ్రాంటియర్, నోరిత్సు స్కానర్లు దాన్ని చదువుతాయి. సినిమా నెగెటివ్ అంచున ఈ గీతలుండవు. దానికి కొడాక్ 1990లో తెచ్చిన కీకోడ్ అనే వేరే లెక్క ఉంది, అడుగుకొక సంఖ్య చొప్పున. అది ఎడిటింగ్‌కు, నెగెటివ్ కటింగ్‌కు పుట్టింది, ఫొటో స్కానర్‌కు అర్థం కాదు. అందుకే సినిమా ఫిల్మ్ ఇస్తే ల్యాబ్ మనిషి ఒక్కో ఫ్రేమును చేత్తో సరిచేయాల్సి వస్తుంది. స్కానింగ్‌కు నాలుగు డబ్బులు ఎక్కువ అడిగితే న్యాయమే. ఇంట్లో కెమెరాతో స్కాన్ చేసేవాళ్లు చాలామంది అంచులు కత్తిరించేసి బొమ్మ మాత్రం దాచుకుంటారు. ఏ ఫిల్మో, ఎన్నో ఫ్రేమో చెప్పే సాక్ష్యాన్ని చెత్తబుట్టలో వేయడమే అది. కనీసం ఒక్క పట్టీనైనా అంచులతో సహా స్కాన్ చేసి పెట్టుకోండి.

పెద్ద సైజు 120 ఫిల్మ్‌కు లోహపు డబ్బానే లేదు కాబట్టి ఈ గడులకు చోటు లేదు. 1998లో ఫూజీ తన 120, 220 రీళ్ల మీద సొంత బార్‌కోడ్ వేసినా దాన్ని చదివిన కెమెరాలు కొద్ది. 1996 నాటి ఏపీఎస్ అనే చిన్న సైజు ఫిల్మ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఫిల్మ్ కొత్తదా, సగం వాడిందా, పూర్తయిందా, కడిగిందా అన్నది డబ్బా అడుగున నాలుగు గుర్తులతో చూపేది. ఆ ఫిల్మ్ తయారీ 2011లో ఆగిపోయింది, దానితో పాటు ఆ తెలివీ పోయింది.

పాత కెమెరా చేతికి వచ్చాక ముందు చేయాల్సింది పిన్నులు శుభ్రం చేయడం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలికి, తేమకు పిన్నుల మీద పొర పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన ఇయర్ బడ్‌తో ఒక్కో పిన్నును తుడవాలి, కారేంత తడి వద్దు. వేలితో నొక్కి వదిలితే ప్రతి పిన్నూ తిరిగి పైకి లేవాలి. లేవనిది ఉంటే ఆ గడి ఎప్పుడూ నల్లగానే చదువుతుంది. 4వ పిన్ను ఇరుక్కుపోయిన కెమెరాలో 400 ఫిల్మ్ కూడా 25గానో 100గానో లెక్కకు వస్తుంది. ఐఎస్ఓ చూపే తెర ఉంటే రీలు పెట్టి మూత వేయగానే క్షణం పాటు ఆ సంఖ్య కనిపిస్తుంది, చూసుకోవచ్చు. తెర లేకపోతే ఖాళీ 100 డబ్బా, ఖాళీ 400 డబ్బా సంపాదించండి. ఫ్లాష్ ఆపి, మసక వెలుతురులో గోడ వైపు ఒక్కోటీ పెట్టి షట్టర్ శబ్దం వినండి. 400తో క్లిక్ స్పష్టంగా పొట్టిగా ఉండాలి. రెండింటికీ తేడా తెలియకపోతే 4వ పిన్ను పనిచేయడం లేదన్నమాట.

రీళ్లు చుట్టి అమ్మే చిన్న వ్యాపారులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లు కాగితం లేబుల్ మీద పులి బొమ్మలు, నియాన్ రంగులు అచ్చు వేయడానికి పెట్టే ఖర్చులో కొంత రేకు గడుల స్టిక్కర్‌కు పెట్టొచ్చు. 1 నుంచి 6 దాకా ఒక వరుస ఉన్నా చాలు, కింది వరుస లేకపోయినా ఎవరూ అడగరు. 500 ఫిల్మ్‌కు 1, 4, 6. 250కి 1, 2, 3, 6. 50కి 1, 2, 5. దాని పక్కనే ఏ రసాయనంలో కడగాలో ఒక్క ముక్క రాయాలి. డబ్బా కొనేవాడు కూడా బొమ్మలు చూసి మురిసిపోయే ముందు గడులు ఉన్నాయా అని అడిగి తీసుకోవాలి.